తెయిషీదోకి రెండు టిక్కెట్లు

బాసెల్, స్విట్జర్లాండ్
12 ఏప్రిల్ 1984

అక్కా,

ఈ ఉత్తరం రాస్తున్నది నీ తమ్ముడు ఎలాదియో. దస్తూరీ పోల్చుకో, అనుమానం ఉంటే వెలుతురులో పెట్టి చూసుకో. నేను బతికే ఉన్నాను.

నేను అద్దెకున్న ఇంటావిడ వెరేనా గారికి నువ్వు రాసిన ఉత్తరం నిన్న చేరింది. ఆవిడకు మన భాష రాదు. వీధి చివర రొట్టెల కొట్టు పెట్టుకున్న స్పెయిన్ ఆయన దగ్గరికి పట్టుకెళ్లి చదివించుకుంది. "మా తమ్ముణ్ని ఏ సమాధుల తోటలో పెట్టారో, తల దగ్గర శిలువ ఉందో లేదో దయచేసి తెలపగలరు" అన్న చోటికి వచ్చేసరికి ఆయన టోపీ తీసేశాడట. సరిగ్గా అప్పుడే రొట్టె కోసం నేను లోపలికి వెళ్లాను. పాపం, ఆ మనిషి చేతిలో రొట్టె కింద పడేసి శిలువ గుర్తు వేసుకున్నాడు. ఇంటావిడ ముందు ఏడ్చింది, తరవాత నవ్వింది, ఆ తరవాత నన్ను తిట్టింది. "సొంత అక్కకు ఏడాదిన్నర పాటు ఉత్తరం రాయని మనిషి చచ్చినవాడి కిందే లెక్క" అంది.

అది ఒప్పుకుంటాను. కానీ అక్కా, చచ్చిపోయానని నీకెవరు చెప్పారు? పైగా నా ఆత్మను బస్సులో తెయిషీదోకి కూడా తీసుకెళ్లావట. బతికుండగా తెయిషీదోలోని పునీత అంద్రెయ గుడికి వెళ్లనివాడు చచ్చాకైనా పురుగో తొండో అయి పాక్కుంటూ వెళ్లాలన్నది మన సెదెయిరా వాళ్ల నమ్మకమే, కాదనను. కాస్త ఆగి కనుక్కోవచ్చుగా. ఊళ్లో అందరికీ నేను పోయానని చెప్పేశావా?

నీ తమ్ముడు,
ఇంకా శరీరంతోనే ఉన్న
ఎలాదియో

*

సెదెయిరా, గలీసియా
25 ఏప్రిల్ 1984

ఒరేయ్ ఎలాదియో,

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ ముందే విప్పి చదివాను. తేరుకున్నాక నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? నీ ఆత్మకు పూజ జరిపిన ఫాదర్ ఉబాల్దో ఇప్పుడు నన్ను చూసి ఎంత నవ్వుతాడో అని. రెండో ఆలోచన, దేవుడికి దండం. రెండోదే ముందు రావాల్సింది. నీ మీద కోపంతో వరస తప్పింది.

ఎవరు చెప్పారని అడిగావు కదా, విను. మార్చిలో ఎండలు బాగా కాశాయి. తెయిషీదోలో కొట్టు తెరిచి, రొట్టెపిండితో స్వామి బొమ్మలు చేసుకుంటున్నాను. ఒక తొండ వచ్చి నా పళ్లెం పక్కన రాతి మీద కూర్చుంది. ఇంత పచ్చగా ఉంది. పొమ్మంటే పోదు. యాత్రికులు వచ్చినా పోదు. మర్నాడూ అదే రాయి మీదే, ఆ మర్నాడూ అదే. ఒక కన్ను సగం మూసి నావైపే చూస్తుంది. చిన్నప్పుడు అబద్ధం ఆడేటప్పుడు నువ్వు అలాగే చూసేవాడివి. క్రిస్మస్‌కి కూడా నీ దగ్గర్నుంచి కార్డు ముక్క రాలేదు. నువ్వా, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి తెయిషీదో గడప తొక్కలేదు. అన్నీ కలిపి చూసుకుంటే ఇంకేం అనుకోను? స్విట్జర్లాండ్ నుంచి పాక్కుంటూ వచ్చావనే అనుకున్నాను. "అన్ని కొండలు దాటి వచ్చావా నాయనా" అని దాని ముందు ఏడ్చాను. రొట్టెముక్క పెడితే తినలేదు కూడాను.

అందుకే సమాధుల తోటకి వెళ్లి అమ్మ పక్కన నిలబడి, "ఎలాదియో, రారా, తెయిషీదో వెళదాం" అని పిలిచాను. సెకుందీనో నడిపే బస్సులో నీకు టిక్కెట్టు కొన్నాను. పక్క సీటు ఎవరినీ కూర్చోనివ్వలేదు. గుర్రాలు తిరిగే గుట్ట మీద పొగమంచు పట్టేసి ఏమీ కనిపించలేదు. "పోనీలే, చూడలేకపోయాడు" అని దానికీ బాధపడ్డాను.

ఈస్టర్‌కి మాద్రిద్ జనం విరగబడి వచ్చారు. ఒకావిడ కొండ అంచున నిలబడి, సముద్రం అంత కిందుందేమిటని నన్ను అడిగింది, అదేదో నేను జార్చేసినట్టు.

ఆరోగ్యం చూసుకో. బతికున్నావు కాబట్టి ఉన్ని బనియన్ వేసుకో.

నీ అక్క
బల్బీనా

తా.క. నువ్వు బతికే ఉంటే మరి ఆ తొండ ఎవరు?

*

బాసెల్
14 మే 1984

అక్కా,

తొండ తొండే. మీ ఊళ్లో తొండలు కూడా తీరిగ్గా ఎండ కాచుకోవడానికి వీల్లేదా?

నీ ఉత్తరం వెరేనా గారికి చదివి వినిపించాను. బస్సులో నా సీటు కాపలా కాశావన్న చోట ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఒక సంగతి తోచింది. నన్ను పిలిచావు, టిక్కెట్టు కొన్నావు, సీటు ఉంచావు, స్వామి ముందు నిలబెట్టావు. అంటే నేను తెయిషీదో వెళ్లొచ్చినట్టే. చచ్చాక పాకాల్సిన పనీ తప్పింది, బతికుండగా రావాల్సిన పనీ తప్పింది. ఖాతా చెల్లు. నీ పుణ్యమా అని కూర్చున్న చోటునుంచి కదలకుండా యాత్ర పూర్తి చేశాను.

ఇక్కడి కొండలకు తాళ్ల మీద నడిచే డబ్బాలున్నాయి. జనం వాటిలో కూర్చుని పైకెళ్లి, కాఫీ తాగి, కిందికి వస్తారు. మన ఎర్బేయిరా కొండ గురించి ఇంటావిడకు చెప్పాను. పచ్చిక మీద నడుస్తూ నడుస్తూ ఉంటే ఉన్నట్టుండి నేల అయిపోతుందని, కింద సముద్రం తెల్లటి గీతలా ఉంటుందని, గాలికి ఆవులు కూడా ఒంగి మేస్తాయని. నమ్మలేదు. ఆ అంచున రాళ్లలో గులాబీ రంగు పువ్వు పూస్తుంది కదా, ఆవిడకు ఇంటి వెనక రాళ్ల తోట ఉంది, ఆ పువ్వు మొక్క ఒకటి వేళ్లతో సహా తెప్పించమంటోంది. తడిగుడ్డలో చుట్టి పంపగలవా?

తోట ఫొటో పెడుతున్నాను. ఎడమవైపున్నది నేనే. బతికి ఉన్నందుకు సాక్ష్యంగా దాచుకో.

ఎలాదియో

*

సెదెయిరా
2 జూన్ 1984

ఎలాదియో,

ఖాతా చెల్లా? నోరు కడుక్కో.

ఎవరి ఖాతా రా అది? నీకు ఏడేళ్లప్పుడు జ్వరం వచ్చి మూడు వంతులు పోయి ఒక వంతు మిగిలితే, "నా బిడ్డ లేచి తిరిగితే వాడి చెయ్యి పట్టుకుని నీ దగ్గరికి తీసుకొస్తాను స్వామీ" అని అమ్మ మొక్కుకుంది. నువ్వు లేచావు. అప్పుడు యుద్ధం. తరవాత ఆవు. ఆ తరవాత ఓడరేవులో వలలు బాగుచేసే పని, ఒకరోజు మానితే ఇంకొకరికి పోయేది. "స్వామి ఎక్కడికీ పోడులే, ఆవు పాలు మాత్రం ఆగవు" అనేది. ఆ తరవాత నువ్వు దేశం వదిలావు. కూతవేటు దూరంలో పుట్టి పెరిగిన మనిషి, తెయిషీదో చూడకుండానే పోయింది. నేను ఎన్నిసార్లు రమ్మన్నా, "మొక్కింది వాడితో, వాడితోనే వెళతాను" అంది. నాలుగేళ్లుగా సమాధి ముందు నిలబడి పిలవబోయి, ఆ మాట గుర్తొచ్చి ఊరుకుంటున్నాను. నువ్వు లేకుండా పిలిస్తే రాదు. నాకు తెలుసు ఆవిడ పట్టుదల.

ఆ తొండ ఎవరో నాకు ఇప్పుడు అర్థమైంది. నువ్వు కాదు. మళ్లీ వచ్చింది మొన్న. నేను పిండి కలుపుతుంటే ఉప్పు ఎక్కువేశానన్నట్టు తలెత్తి చూసింది. అలా చూసే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేది. నీ కోసం చూసి చూసి విసుగొచ్చి, ఒంటరిగా బయలుదేరి ఉంటుంది. వచ్చి కూర్చుందే కానీ గుడి లోపలికి పోవడం లేదు. గడప దాకా పోయి వెనక్కి వస్తోంది. నా కళ్లతో చూశాను.

అమ్మ పోయినప్పుడు రాలేకపోయావు సరే. "సెలవు దొరకలేదు" అని రెండు ముక్కలు రాసి పడేశావు, తల్లి చావుకి. నేను దాన్ని గురించి ఇంతవరకు నోరెత్తలేదు, ఇప్పుడూ ఎత్తను.

ఇక ఆ పువ్వు సంగతి. ఆ మొక్కని మనవాళ్లు ఎందుకు వాడతారో నీకు తెలీదా, లేక తెలిసే అడుగుతున్నావా? ఇష్టపడ్డ మనిషి జేబులో వాళ్లకు తెలియకుండా వేస్తే మనసు తిరుగుతుందని, గుడి ముందు నాలుగు కొట్లలో కట్టలు కట్టి అమ్ముతారు. మొగుడు పోయిన ఆడమనిషి, పైగా నా ఉత్తరాలు విని కళ్లు తుడుచుకునే మనిషి, ఏరికోరి ఆ మొక్కే కావాలందంటే, నేను చెవిలో పువ్వు పెట్టుకుని లేను.

ఫొటో చూశాను. చిక్కిపోయావు. నీ చేతిలో ఉన్నది ఏమిటి, చేతికర్రా?

సెప్టెంబరు ఎనిమిది పండగకి రా. అమ్మ కోసం.

బల్బీనా

*

బాసెల్
20 జూన్ 1984

అక్కా,

చేతిలో ఉన్నది పార.

నోరెత్తనంటూనే ఎత్తావు. నాలుగేళ్లుగా ఆ మాట నీ కడుపులో ఉందని నాకు తెలుసు. అందుకే రాయడం తగ్గించాను. బతికున్న తమ్ముడికి చావు టిక్కెట్టు ఎందుకు కొన్నావో కూడా ఇప్పుడు తెలుస్తోంది. నీ లెక్కలో నేను ఆరోజే పోయాను.

తొండలకు జవాబు చెప్పుకోవడానికి నేను అంత దూరం రాలేను. సెప్టెంబరులో పని ఉంది.

పువ్వు అక్కర్లేదు. ఇంటావిడకు వేరేది ఏదో చెబుతాను.

ఎలాదియో

*

సెదెయిరా
9 జులై 1984

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నేను రాసింది అలా అర్థమవుతుందని అనుకోలేదు. సీటు ఉంచింది నిన్ను పాతిపెట్టడానికి కాదురా. నువ్వు పోయావన్న బాధలో కూడా, నువ్వు నిలబడి ప్రయాణం చెయ్యకూడదని ఉంచాను. అంతే. దానికి నువ్వు ఇంత అర్థం తీస్తావనుకుంటే నిలబెట్టే తీసుకెళ్లేదాన్ని.

నాకు మాట తిన్నగా రాదు. అమ్మకూ వచ్చేది కాదు. అందుకే బొమ్మ చేసి పంపుతున్నాను. చేపలు, పడవలు, పావురాలు అన్నీ చేశాను ఈ వారం, నీకని మాత్రం నిచ్చెన చేశాను. కింద నాలుగు మెట్లూ నీలం, పైన మూడూ ఎరుపు. పని కలిసి రావాలనుకునేవాళ్లకి, పైకి రావాలనుకునేవాళ్లకి నిచ్చెన బొమ్మే ఇస్తాం. నువ్వు తాపీ మేస్త్రివి, రోజూ ఎక్కి దిగేవాడివి, నీకు ఇంతకంటే తగింది లేదు. ఆరబెట్టిన పిండే కాబట్టి తడి తగలనివ్వకు. తినకు, చిన్నప్పుడు తిని పన్ను విరగ్గొట్టుకున్నావు.

అదే డబ్బాలో మొక్క ఉంది. ఫరవాలేదు, ఆవిడకు ఇవ్వు. అంచుదాకా వెళ్లి నేనే పీకాను. గాలి కొడుతుంటే పొట్ట మీద పడుకుని పీకాను. నా వయసులో ఆ పని ఇంకొకరి కోసం చెయ్యను.

నీ
బల్బీనా

*

బాసెల్
27 జులై 1984

అక్కా,

నీకు ఎవరు చెప్పారు?

డబ్బా విప్పి నిచ్చెన చూశాను. ముందు కోపం వచ్చింది, ఎత్తిపొడవడానికే పంపావని. మేస్త్రికి తాపీ పంపొచ్చు, ఇల్లు పంపొచ్చు, నిచ్చెనే ఎందుకు పంపుతావు? ఇక్కడ మనవాళ్లలో ఎవరో ఊరికి వచ్చినప్పుడు చెప్పి ఉంటారు. తెలిసిపోయింది కాబట్టి, వాళ్లు ఎలా చెప్పారో ఏమో, నేనే సరిగ్గా చెబుతాను.

అమ్మ పోయిన వారమే నేను పరంజా నిచ్చెన మీదనుంచి పడ్డాను. పడ్డ రెండో రోజు నీ టెలిగ్రాం వచ్చింది. వెరేనా గారు ఆసుపత్రికి పట్టుకొచ్చింది. కాలు పైకి కట్టి వేలాడదీశారు. కదలడానికి లేదు. నర్సుని కాగితం అడిగాను. ఉన్నది ఉన్నట్టు రాస్తే, అమ్మని పాతిపెట్టిన మర్నాడే నువ్వు రైలెక్కి నా దగ్గరికి వచ్చేస్తావు. నాకు తెలుసు నిన్ను. ఒకేసారి రెండు ఏడుపులు నీకెందుకని "సెలవు దొరకలేదు" అని రాశాను. అదొక్కటే తట్టింది.

కాలు అతికింది, కానీ పొట్టిగా అతికింది. కుంటుతాను. ఫొటోలో ఉన్నది చేతికర్రే. పరంజా ఎక్కనివ్వడం లేదు, పనిముట్లు అందించే గదిలో కూర్చోబెట్టారు. ఊరినుంచి బయలుదేరేటప్పుడు ఓడరేవు గోడ మీదనుంచి దూకి పరిగెత్తి బస్సు ఎక్కినవాణ్ని. అందరూ చూశారు. అదే ఊళ్లో కర్ర పట్టుకుని దిగడం నాకు ఇష్టం లేదు. ఇంతే సంగతి. నీ మీద కోపం కాదు.

మొక్క బతికింది. ఇంటావిడ దాన్ని రోజూ పలకరిస్తోంది. అది దేనికి వాడతారో అడిగితే చెప్పేశాను. ముఖం ఎర్రబడి లోపలికి వెళ్లిపోయింది.

ఎలాదియో

*

ఫెర్రోల్, ఆసుపత్రి
13 ఆగస్టు 1984

ఒరేయ్ నా వెర్రి నాయనా,

ఎవరూ చెప్పలేదురా! ఒక్క మనిషి చెప్పలేదు! నిచ్చెన నిచ్చెన కోసమే చేశాను. నీ ఉత్తరం చదివి, నా చేతులతో నేనే చేసిన ఆ బొమ్మ గుర్తొచ్చి, తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నాలుగేళ్లు! నాలుగేళ్లుగా "సెలవు దొరకలేదు" అన్న ముక్కని నమలలేక మింగలేక తిరిగాను. రోజూ దీపం పెట్టేటప్పుడు నిన్ను ఒక మాట అనుకునేదాన్ని. అన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నా ఏడుపు నన్ను ఏడవనివ్వాల్సింది నువ్వు. అది నా హక్కు.

పైన ఆసుపత్రి అని చూసి కంగారుపడకు. పడ్డాను. నీలాగే. నువ్వు పనిలో పడ్డావు, గౌరవంగా ఉంది. నేను ఎలా పడ్డానో చెబితే వార్డంతా నవ్వుతోంది. మొన్న ఆదివారం గుడి మెట్లు దిగుతున్నాను, చేతిలో బొమ్మల పళ్లెం. ఆ తొండ అడ్డం వచ్చింది. దాన్ని తొక్కుతానా? తెయిషీదో దారిలో చీమని కూడా తొక్కం, ఆ పాకేవాళ్లలో ఎవరు ఎవరి తాతో మనకేం తెలుసు. అందులో అది అమ్మ! పక్కకి గెంతాను. పక్కన మెట్టు లేదు. తుంటి కింద ఎముక విరిగింది. బొమ్మలు అన్నీ పోయాయి, ఒక్క పావురం మిగిలింది. జీవితమంతా పిండి పిసికినదానికి చివరికి కాలికి కూడా పిండికట్టే.

డాక్టరు అక్టోబరు దాకా లేవకూడదన్నాడు. పండగకి నేను వెళ్లలేను. అంటే ఈ ఏడు కూడా అమ్మ గడప దాకా వచ్చి వెనక్కి పోవాల్సిందే, నువ్వు వస్తే తప్ప.

కుంటితే కుంటు. మనిద్దరికీ కలిపి ఇప్పుడు రెండు మంచి కాళ్లున్నాయి, ఒక మనిషికి సరిపోతాయి. నిన్ను చూసి ఎవడైనా నవ్వితే, చచ్చిపోయి తిరిగొచ్చానని చెప్పు. ఊరంతా నీ ఆత్మకు పూజ వినడానికి వచ్చింది కదా, కుంటుతున్నావా అని ఎవడూ చూడడు, నీడ పడుతోందా అని చూస్తారు.

రారా. నాకోసం కూడా రా.

బల్బీనా

*

ఫెర్రోల్, ఆసుపత్రి
6 సెప్టెంబరు 1984

ఎలాదియో,

నిన్న నువ్వు వచ్చినప్పుడు ఇద్దరం ఏడుపుతోనే సరిపెట్టాం, ఇంతలో నర్సు వచ్చి వెళ్లగొట్టింది. చెప్పాల్సినవి ఒక్కటీ చెప్పలేదు. సెకుందీనో చేతికి ఇచ్చి పంపుతున్నాను, ఇంట్లో కూర్చుని జాగ్రత్తగా చదువు.

శుక్రవారం పొద్దు వాలకముందే సమాధుల తోటకి వెళ్లు. అమ్మకు ఎడమ చెవి వినిపించదని గుర్తుందిగా, కుడివైపు నిలబడి పిలువు. గొణగొద్దు. "అమ్మా, రేపు తెయిషీదో వెళదాం, నేను ఎలాదియోని" అని పేరు చెప్పు. నీ గొంతు మారింది, పోల్చుకోలేకపోవచ్చు.

శనివారం బస్సులోనే వెళ్లు, నడుస్తానని పంతాలకు పోకు. నీ కాలికీ మంచిది కాదు, ఆవిడ మోకాళ్లకూ మంచిది కాదు. రెండు టిక్కెట్లు తీసుకో. ముందు సీట్లలో కూర్చో, వెనకైతే ఆవిడకు కడుపులో తిప్పుతుంది. ఎడమవైపు వరసలో ఆవిడని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఇవతల నువ్వు కూర్చో. అప్పుడు కుడిచెవి నీవైపు ఉంటుంది. ఎవరెంత బతిమాలినా ఆ సీటు ఇవ్వకు. ఊరికే కూర్చోకుండా మాట్లాడుతూ ఉండు. దారిలో ఏది కనిపిస్తే అది చెప్పు, ఆవిడ ఎన్నడూ చూడలేదు.

దారిలో యాత్రికులు వేసే రాళ్ల కుప్ప దగ్గర ఇద్దరి పేరా రెండు రాళ్లు వెయ్యి. ఆఖరి తీర్పు రోజున అవి నోరు విప్పి ఎవరు వచ్చారో సాక్ష్యం చెబుతాయి. మొక్కినవాళ్లు వచ్చారని రాయి కూడా తెలుసుకోవాలి. తరవాత గుడి దగ్గరి ఊటలో రొట్టెముక్క వెయ్యి. తేలితే కోరిక తీరినట్టు.

కింద చూసి నడువు. నా సంగతి చూశావుగా.

ఆదివారం వచ్చేటప్పుడు జరిగిందంతా కాగితం మీద రాసి తీసుకురా. నోటితో చెబితే సగం మింగేస్తావు, జీవితమంతా సగమే చెప్పావు. పైగా పక్క మంచం ఆవిడ మన మాటలు నోరు తెరుచుకుని వింటోంది.

బల్బీనా

*

సెదెయిరా
8 సెప్టెంబరు 1984

అక్కా,

రేపు ఈ ఉత్తరం నీ చేతిలో పెట్టి, నువ్వు చదువుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాను. నాకేసి చూడకుండా చదువు.

నిన్న సాయంత్రం సమాధుల తోటకి వెళ్లాను. కుడివైపే నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరు కదా అని చూసుకుని గొణిగాను. నువ్వు గొణగొద్దన్నావని గుర్తొచ్చి గట్టిగా పిలిచాను. గోడ అవతల కోళ్లకు గింజలు వేస్తున్న ముసలాయన తల పైకి పెట్టి, "గట్టిగానే పిలిచావు, వినుంటుందిలే" అన్నాడు. నవ్వలేదు. నా కర్ర చూసినట్టు కూడా లేదు.

పొద్దున్న బస్సు కిక్కిరిసి ఉంది. సెకుందీనో నన్ను చూసి, "ఇద్దరా?" అన్నాడు. ఇద్దరమే అన్నాను. డబ్బుల కోసం కోటు జేబులో చెయ్యి పెడితే ఎండిపోయిన ఆ గులాబీ రంగు పువ్వు ఒకటి చేతికి తగిలింది. అది నేను పెట్టుకున్నది కాదు. నువ్వు పెట్టే వీలు లేదు. కోటు బాసెల్ నుంచి నా ఒంటి మీదే వచ్చింది. బయలుదేరే రోజు పొద్దున్న దాన్ని దులిపి చేతికి అందించింది వెరేనా గారు. నువ్వు అనుకున్నది నిజమే. ఒకటి మాత్రం తప్పు. పని జరగడానికి పువ్వు అక్కర్లేకపోయింది, అది ఎప్పుడో జరిగింది. ఈ సంగతి మొట్టమొదట అమ్మకే చెప్పాను, కుడిచెవిలో.

మాద్రిద్ నుంచి వచ్చిన ఒకావిడ, మెడలో కెమెరా, కిటికీ పక్క సీటు ఖాళీగా ఉందని అటు రాబోయింది. నేను చెప్పేలోపే బస్సులో నలుగురు ఒక్కసారి అన్నారు, "అక్కడ వాళ్లమ్మ కూర్చుంది" అని. ఆవిడ సీటుకేసి చూసింది, నాకేసి చూసింది. ఏం అర్థమైందో ఏమో, వంగి, "క్షమించాలమ్మా" అని సీటుకి చెప్పి వెనక్కి వెళ్లింది.

మాట్లాడమన్నావు కదా, మాట్లాడాను. గుట్టెక్కేటప్పుడు ఈసారి మంచు లేదు. గుర్రాలు పిల్లలతో సహా రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాయి, సెకుందీనో ఇంజను ఆపేసి వాటి దయకోసం ఆగాడు. "అదిగో అమ్మా, అంచు, దాని అవతల ఇంకేం లేదు, అంతా సముద్రమే" అని చెప్పాను. చెబుతూ చెబుతూ ఎప్పుడు మొదలెట్టానో తెలీదు, నిచ్చెన సంగతి, టెలిగ్రాం సంగతి, కాలు వేలాడుతుంటే గోడవైపు తిరిగి ఏడవడానికి కూడా వీలుపడని సంగతి, అన్నీ చెప్పేశాను. ముందు సీట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు కబుర్లు ఆపేశారు. సిగ్గు వేయలేదు. అమ్మ జీవితంలో మొదటిసారి నా మాటకు అడ్డు రాకుండా పూర్తిగా విన్నది.

రాళ్లు వేశాను, రెండు. అమ్మ పేరున వేసింది జారి కిందికి దొర్లింది. తీసి మళ్లీ వేశాను, ఈసారి నిలబడింది. ఊటలో రొట్టెముక్క వేశాను. కాస్త మునిగి, మళ్లీ పైకి వచ్చింది.

గుడి గడప దగ్గర ఆగాను. నువ్వు రాసింది గుర్తొచ్చింది, గడప దాకా వచ్చి వెనక్కి పోతోందని. కర్ర ఎడమ చేతికి మార్చుకుని, కుడి చెయ్యి పక్కకి చాపి కాసేపు నిలబడ్డాను. వెనక జనం ఉన్నారు. ఒక్కరూ తొయ్యలేదు. ఆ చెయ్యి అలాగే పట్టుకుని లోపలికి నడిచాను. స్వామి ముందు నిలబడి, "ఏడేళ్ల పిల్లాణ్ని తీసుకొస్తానంది, ఆలస్యమైంది, ఇదిగో తీసుకొచ్చింది" అన్నాను. నేను తీసుకొచ్చానని అనలేదు. మొక్కు ఆవిడది.

బయటికి వచ్చి, మూసి ఉన్న నీ కొట్టు ముందు మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. ఎండ బాగా కాసింది. నువ్వు చెప్పిన రాయి చేత్తో తాకి చూశాను, వెచ్చగా ఉంది. తొండ రాలేదు. పక్క కొట్టామె కూడా అంది, "పొద్దున్న దాకా ఇక్కడే ఉందే" అని.

వెరేనా గారికి రేపు ఉత్తరం రాస్తాను. నువ్వు లేచి నడిచేదాకా ఇక్కడే ఉంటాను. ఆ తరవాత ఆవిడని రమ్మంటాను, ఎర్బేయిరా అంచు చూపించాలి, ఇప్పటికీ నమ్మడం లేదు. పిండి కలపడం నాకు నేర్పు, కొట్టు మూసి ఉంటే బాగోలేదు. మేస్త్రి చేతులే కదా, సున్నానికి బదులు పిండి.

తిరిగి వచ్చేటప్పుడు ఒక టిక్కెట్టే తీసుకున్నాను. అలవాటుగా మళ్లీ ఇవతల సీట్లోనే కూర్చున్నాను, కిటికీ పక్కది వదిలేసి. చేతిలో వడల్లాంటి చిల్లు రొట్టెల దండతో ఒక పెద్దావిడ ఎక్కి, అటూ ఇటూ చూసి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా నాయనా?" అని అడిగింది.

"ఉండేదమ్మా. దిగాల్సిన చోట దిగింది. రండి, కూర్చోండి" అని కాళ్లు పక్కకి తీసి దారి ఇచ్చాను.

నీ తమ్ముడు
ఎలాదియో